యంత్రం నేర్చిన పని - మనిషికి మిగిలే పని



ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక మా విచారణకు చెందిన ఒక తండ్రి నా దగ్గరకు వచ్చి నిలబడ్డారు. ఆయనకు ఇద్దరు పిల్లలు. కొడుకు శామీర్‌పేటలో ఒక ఫోటో స్టూడియోలో పెళ్ళి ఆల్బములు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాడు. కూతురు మేడ్చల్ వైపు ఒక కాలేజీలో కంప్యూటర్ ఇంజనీరింగ్ రెండవ సంవత్సరం చదువుతోంది. "ఫాదర్, మా పిలగాడు రెండు రోజులు కూసోని చేసే బొమ్మ, ఇప్పుడు ఫోను రెండు నిమిషాల్ల చేసి పెడుతున్నదట. వాళ్ళ ఓనరు సగం పని ఆపిండు. బిడ్డ చదువుకు అప్పు తెచ్చిన. ఆ చదువన్న అక్కరకొస్తదా?" అని అడిగారు.

"భయపడకండి, దేవుడున్నాడు" అని చెప్పి పంపడం నాకు తేలిక. ఆ మాట నిజమే. కానీ అది ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. ఆయన అడిగింది కొడుకు కూలి గురించి, కూతురు చదువు గురించి. అందుకే ఈ వారం పాఠానికి ఆయన ప్రశ్ననే తీసుకుందాం. మన ఇళ్ళలో ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని పైకి అడగనివారు చాలామంది ఉన్నారు.

1. కృత్రిమ మేధ అంటే ఏమిటి?

భయపడే ముందు, భయపెట్టే వస్తువు ఏమిటో తెలుసుకోవాలి. చాట్‌జీపీటీ అనే యంత్రం 2022 నవంబరు 30న ప్రజల ముందుకు వచ్చింది. అప్పటినుండి ఏఐ, అంటే కృత్రిమ మేధ అనే మాట ఇంటింటా వినబడుతోంది. 2023 జూలైలో ఒక తెలుగు వార్తా ఛానెల్, బిగ్ టీవీ, 'మాయ' అనే కృత్రిమ వ్యాఖ్యాతతో వార్తలు చదివించింది. తెర మీద మనిషి రూపం ఉంది, గొంతు ఉంది. మనిషి మాత్రం లేదు.

ఇది ఎలా పనిచేస్తుంది? నేను "అమ్మ చేతి..." అని ఆగితే మీ మనసులో వెంటనే "ముద్ద" అనో "వంట" అనో మెదులుతుంది. ఎందుకు? ఆ మాటల తరువాత ఈ మాట రావడం మనం ఎన్నోసార్లు విన్నాం. ఈ యంత్రం చేసేది కూడా ప్రధానంగా ఇదే. మనుషులు రాసిన కోట్లాది పుటలను దానికి మేపారు. ఏ మాట తరువాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో అది లెక్కగట్టి, మాట వెంట మాట పేరుస్తుంది. బొమ్మల యంత్రం కూడా మనుషులు గీసిన, తీసిన లెక్కలేనన్ని బొమ్మలను చూసే నేర్చుకుంది.

తేడా ఎక్కడుంది? మీరు "ముద్ద" అన్నప్పుడు మీకు ఒక తల్లి గుర్తుకొస్తుంది. ఆమె చెయ్యి, ఆ పప్పు రుచి, బహుశా ఆమె లేని లోటు గుర్తుకొస్తాయి. యంత్రానికి మాట తెలుసు, ముద్ద తెలియదు. అది ఎన్నడూ ఆకలిగొనలేదు.

విశ్వాస సిద్ధాంతాల విభాగం, సంస్కృతీ విద్యా విభాగం కలిసి 2025 జనవరి 28న, పునీత తోమా అక్వినాసు గారి పండుగ రోజున, వాటికను నుండి 'ఆంతీక్వా ఎత్ నోవా' అనే పత్రాన్ని వెలువరించాయి. కృత్రిమ మేధను మనిషి మేధకు జోడీగా నిలిచే మరొక మేధగా చూడవద్దని, అది మనిషి మేధ నుండి పుట్టిన ఒక వస్తువేనని ఆ పత్రం బోధిస్తుంది. సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు మా గురువులు పదే పదే చెప్పిన మాట ఒకటుంది: వస్తువును దాని పేరుతో కాదు, దాని స్వభావంతో గుర్తించాలి. 'మేధ' అని పేరు పెట్టినంత మాత్రాన మేధ కాదు.

మరొక సంగతి కూడా మరువరాదు. ఈ యంత్రం తనంతట తానే నేర్వలేదు. దాని వెనుక కనబడని కూలీలున్నారు. చాట్‌జీపీటీ నోట చెడ్డమాట రాకుండా చూడడానికి కెన్యా దేశంలో కొందరు యువతీయువకులు గంటకు 2 డాలర్లలోపు కూలికి హింస, అత్యాచారం నిండిన రాతలను రోజంతా చదివి వేరుచేశారని 2023 జనవరిలో టైమ్ పత్రిక వెల్లడించింది. కాబట్టి "మనిషి లేకుండా యంత్రమే చేసింది" అని ఎవరైనా అంటే, ఆ మనిషిని ఎక్కడ దాచారని అడగాలి.

2. ఈ భయం కొత్తది కాదు

క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలోనే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన 'రాజనీతి' గ్రంథం మొదటి భాగంలో ఒక ఊహ చేశాడు. మగ్గం మీద నాడె తనంతట తానే నేసి, తంతివాద్యం తనంతట తానే పలికితే యజమానులకు బానిసలతో పని ఉండదని ఆయన అభిప్రాయం. ఆయన ఎంచుకున్న ఉదాహరణలు చూడండి. ఒకటి చేతిపని, రెండవది కళ. నేడు మనం భయపడుతున్నది ఈ రెండింటి గురించే. ఆ ఊహ చేసిన అరిస్టాటిల్ బానిసత్వాన్ని తప్పుపట్టలేదని కూడా గుర్తుంచుకోవాలి. గొప్ప బుద్ధికి కూడా పక్కనున్న పనివాని ముఖం కనబడకపోవచ్చు.

మన కళ్ళ ముందే ఎన్ని పనులు పోలేదు? ఇటువంటి పత్రికలను ఒకప్పుడు కంపోజిటర్లు సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చి తయారుచేసేవారు. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు ఉన్నందువల్ల వందల రకాల అక్షరాలు, వాటికి గళ్ళ పెట్టెలు. ఏ గడిలో ఏ ఒత్తు ఉందో చూడకుండానే వారి వేళ్ళు అక్కడికి వెళ్ళేవి. డీటీపీ వచ్చింది, ఆ వేళ్ళకు పని లేకుండా పోయింది. టైపు ఇన్‌స్టిట్యూట్లు మూతబడ్డాయి. తరువాత ఫ్లెక్సీ యంత్రం వచ్చింది. గోడల మీద, దుకాణాల బోర్డుల మీద, సినిమా హోర్డింగుల మీద కుంచె పట్టినవారు నిచ్చెన దిగవలసి వచ్చింది.

"పాత పనులు పోతాయి, కొత్త పనులు వస్తాయి, కంగారెందుకు?" అని కొందరంటారు. అది సగం నిజం. కొత్త పని వచ్చేది చాలాసార్లు మరొకరికి, మరొక ఊరిలో, మరొక వయసువారికి. యాభై ఏళ్ళ కంపోజిటరుకు కంప్యూటరు ముందు కుర్చీ వేసినవారు ఎందరు? పోయిన పని లెక్కల్లో సర్దుకుంటుంది. పోగొట్టుకున్న మనిషి ఇంట్లో సర్దుకోదు.

అరిస్టాటిల్ చెప్పిన నాడెకూ తంతివాద్యానికీ మన తెలుగునేల మీదే ఒక్కొక్క నిజమైన ఉదాహరణ ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

3. ఒక తల్లి భుజం నొప్పి

మొదటిది మగ్గం కథ. శామీర్‌పేటకు తూర్పున, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలో, ఆలేరు దగ్గర శారాజీపేట అనే ఊరుంది. ఆ ప్రాంతంలో ఇక్కత్ చీరలు నేస్తారు. నేతకు ముందు, రంగులు అద్దడానికి ముందు, దారాన్ని వరుసగా నాటిన మేకుల చుట్టూ ఇటునుండి అటు, అటునుండి ఇటు తిప్పి పోయాలి. దీనిని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఊగాలి. నాలుగైదు గంటల పని. ఇది ఎక్కువగా ఇంటి ఆడవారి పని. ఏళ్ళ తరబడి చేసినవారికి భుజాలు, మోచేతులు పట్టేస్తాయి.

ఆ ఊరి చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం గారు తన తల్లి లక్ష్మి గారి బాధ చూశారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మనిషి. 1992లో మొదలుపెట్టి, అప్పులపాలై, పిచ్చివాడని పేరుపడి, చివరకు 1999లో ఆసు పోసే యంత్రాన్ని పూర్తిచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఈ కథలో మనం గమనించవలసినది ఏమిటి? యంత్రం ఏం తీసుకుంది, ఏం వదిలిపెట్టింది? నొప్పిని తీసుకుంది. డిజైన్ ఆలోచన, ముడి వేయడం, రంగు ఎంపిక, నేత, ఇవన్నీ మనిషికే వదిలింది. ఆ యంత్రం పుట్టింది ఒక తల్లి ముఖం చూసి. ఎవరి కోసమో తెలిసిన తరువాతే ఏమి చేయాలో ఆలోచించారు.

అదే చేనేత రంగంలో మరొక యంత్రం, మరమగ్గం, చేసిన పని వేరు. అది నేతగాని నొప్పిని తగ్గించలేదు, నేతగాని స్థానాన్నే తీసుకుంది. అందుకే 1985లో పార్లమెంటు ఒక చట్టం చేసి కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించింది. మొదట 22 రకాలు, తరువాత 11కు తగ్గించారు. అమలులో లోపాలు ఎన్ని ఉన్నా, ఆ చట్టం ఒక సూత్రాన్ని ఒప్పుకుంది: యంత్రం చేయగలిగినదల్లా యంత్రానికి అప్పజెప్పాలని నియమం లేదు. సమాజం ఒక గీత గీయవచ్చు.

4. చనిపోయిన గాయకుని గొంతు

రెండవది పాట కథ. శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. సినిమా పాటలతో పాటు మన క్రైస్తవ భక్తిగీతాలు కూడా ఆయన నోట విన్నవాళ్ళం. 2023 నవంబరులో విడుదలైన 'కీడా కోలా' అనే తెలుగు చిత్రంలో కృత్రిమ మేధతో పునఃసృష్టించిన ఆయన గొంతును వాడారు. తమ అనుమతి తీసుకోలేదంటూ 2024 జనవరిలో ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ గారు ఆ చిత్ర నిర్మాతలకు, సంగీత దర్శకునికి లాయరు నోటీసు పంపారు. కొత్త సాంకేతికతకు తాము వ్యతిరేకులం కామని, తమకు తెలియకుండా, అడగకుండా చేయడమే బాధించిందని కుటుంబం చెప్పింది.

అదే 2024 జనవరిలో 'లాల్ సలామ్' చిత్రానికి ఎ.ఆర్. రెహమాన్ గారు మరణించిన ఇద్దరు గాయకుల, బంబా బక్యా, షాహుల్ హమీద్ గార్ల గొంతులను ఇదే పద్ధతిలో వాడారు. అయితే వారి కుటుంబాల అనుమతి తీసుకున్నామని, ప్రతిఫలం కూడా ఇచ్చామని ఆయన ప్రకటించారు. యంత్రం ఒక్కటే. ఒకచోట నోటీసు, ఒకచోట సమ్మతి.

బాలు గారి గొంతు ఎలా తయారైంది? ఆయన శాస్త్రీయ సంగీతం క్రమపద్ధతిలో నేర్చుకున్నవారు కారు. 1980లో వచ్చిన 'శంకరాభరణం' పాటలు పాడడానికి ఆయన వెనుకాడారు. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారు ఆ పాటలను దగ్గర కూర్చుని నేర్పించారు. నేర్చుకున్నారు, పాడారు, మొదటి జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆ గొంతులో ఒక గురువు ఓపిక ఉంది, ఒక శిష్యుని భయమూ సాధనా ఉన్నాయి. యంత్రం ఆ గొంతు తీరును పట్టుకుంటుంది. ఆ సాధన దానికి అక్కరలేదు. మనిషి బ్రతుకంతా ఖర్చుపెట్టి సంపాదించినదాన్ని అడగకుండా తీసుకుంటే దానిని మన పది ఆజ్ఞలలో ఏడవది ఏమంటుందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

న్యాయస్థానాలు కూడా మేల్కొంటున్నాయి. గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును ఆయన సమ్మతి లేకుండా ఇటువంటి యంత్రాలతో తయారుచేయరాదని 2024 జూలైలో బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

మన శామీర్‌పేటలో రెండు పెద్ద విద్యాలయాలున్నాయి. ఒకటి బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం. రెండవది న్యాయశాస్త్రం బోధించే నల్సార్ విశ్వవిద్యాలయం. మొదటి చోట పిల్లలు "ఇది చేయగలమా?" అని అడగడం నేర్చుకుంటారు. రెండవ చోట "ఇది చేయవచ్చునా?" అని అడగడం నేర్చుకుంటారు. ఈ రెండు ప్రశ్నలూ ఒకే ఊరిలో ఉన్నాయి. ఒకే మనసులో కూడా ఉండాలి.

5. నేను చేసిన పొరపాటు

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పాను. నా సంగతి కూడా చెప్పకపోతే ఈ పాఠం నిజాయితీ గల పాఠం కాదు.

మా విచారణలో ఒక పెయింటరు ఉండేవారు. ఆ చుట్టుపక్కల పాత బోర్డులు చాలావరకు ఆయన రాసినవే. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గి, ఒక గోదాములో వాచ్‌మన్‌గా చేరారు. కొంతకాలం క్రితం మరణించారు. ఆ రోజు నాకు రెండు ఊళ్ళలో పూజలు, ఒక పెళ్ళి, సాయంత్రం ఈ భూస్థాపన. అలసిపోయి, ఫోనులో కృత్రిమ మేధను అడిగాను: కుటుంబ పెద్ద, విశ్వాసి, మరణించాడు, పది నిమిషాల ప్రసంగం కావాలి అని. నిమిషంలో వచ్చింది. వ్యాకరణం తప్పు లేదు, సువిశేష వాక్యం సరిపోయింది. చదివాను. అందరూ నిశ్శబ్దంగా విన్నారు.

మూడవ రోజు ప్రార్థనకు వారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య టీ ఇచ్చి, మెల్లగా అన్నది: "ఫాదర్, మంచిగ చెప్పినరు. గని మన గుడి మీద పేరు రాసింది ఆయనే గదా. పైసలు గూడ తీసుకోలే. ఆ మాట ఒక్కటి చెప్తరేమో అనుకున్న."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రోజూ ఆ అక్షరాల కింద నుండే నేను గుడిలోకి వెళ్తున్నాను. యంత్రానికి ఆ సంగతి తెలిసే వీలు లేదు. నాకు తెలుసు. తెలిసిన నేను ఆ రోజు అక్కడ లేను, తెలియని యంత్రాన్ని నా స్థానంలో నిలబెట్టాను.

దావీదు రాజు బలి అర్పించబోతూ ఉంటే అరౌనా తన కళ్ళాన్నీ ఎద్దులనూ ఉచితంగా ఇస్తానన్నాడు. తనకు ఖర్చు కానిదాన్ని దేవునికి అర్పించనని దావీదు వెలకట్టి కొన్నాడు (2 సమూ 24:24). ఆ రోజు నేను అర్పించిన ప్రసంగానికి నాకు అయిన ఖర్చు ఏమీ లేదు. లోపం ప్రసంగంలోని మాటల్లో కాదు, అక్కడే ఉంది.

6. శ్రీసభ బోధ

పని శాపం కాదు. పాపం లోకంలోకి రాకముందే దేవుడు మనిషికి తోటను అప్పగించి సాగుచేయమన్నాడు (ఆది 2:15). గుడారపు పనికి దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపి, లోహంలో, రాతిలో, కొయ్యలో పనితనం చూపే నేర్పు ఇచ్చాడు (నిర్గమ 31:1-5). అంటే చేతి నేర్పు కూడా దైవవరమే.

1891 మే 15న 13వ లియో పోపుగారు 'రేరుమ్ నోవారుమ్' అనే విశ్వలేఖ రాశారు. ఫ్యాక్టరీ యంత్రాలు కార్మికుణ్ణి నలిపివేస్తున్న కాలం అది. కార్మికునికి కుటుంబం పోషించుకునేంత కూలి ఇవ్వాలని, కార్మికులు సంఘాలు పెట్టుకోవడం వారి హక్కు అని ఆయన బోధించారు. 90 ఏళ్ళ తరువాత, 1981 సెప్టెంబరు 14న, పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 'లాబోరెమ్ ఎగ్జర్సెన్స్' విశ్వలేఖ వెలువరించారు. యౌవనంలో రాతి క్వారీలో, రసాయన ఫ్యాక్టరీలో కూలిపని చేసిన మనిషి ఆయన. పనికి రెండు ముఖాలున్నాయని ఆయన వివరించారు. ఒకటి, పని వల్ల బయట తయారయ్యే వస్తువు. రెండు, పని చేయడం వల్ల లోపల తయారయ్యే మనిషి. ఈ రెండవదే గొప్పదని ఆయన బోధ. యంత్రం మనిషికి తోడుగా ఉండవలసినదని, మనిషి స్థానాన్నే లాక్కున్నప్పుడు దాదాపు శత్రువుగా మారుతుందని అప్పుడే హెచ్చరించారు.

2024 జూన్ 14న ఫ్రాన్సిస్ పోపుగారు ఇటలీలో జరిగిన జీ-7 దేశాధినేతల సభకు వెళ్ళి ఈ విషయం మీదే ప్రసంగించారు. నిర్ణయం ఎప్పుడూ మనిషి చేతిలోనే ఉండాలని, ముఖ్యంగా ఏ యంత్రమూ మనిషి ప్రాణం తీయడానికి నిర్ణయించరాదని కోరారు. 2025 మే 8న ఎన్నికైన 14వ లియో పోపుగారు రెండు రోజుల తరువాత కార్డినళ్ళతో మాట్లాడుతూ, తాను ఆ పేరు ఎందుకు ఎంచుకున్నారో చెప్పారు. 13వ లియోగారు మొదటి పారిశ్రామిక విప్లవాన్ని ఎదుర్కొన్నట్టు, నేడు కృత్రిమ మేధ తెచ్చిన మరొక విప్లవం ముందు శ్రీసభ తన బోధను అందించవలసి ఉందన్నది ఆయన భావం. 1891 నాటి విశ్వలేఖ మ్యూజియంలో పెట్టవలసిన కాగితం కాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "లోపలి ఎదుగుదల ముఖ్యం" అని చెప్పి పనివాని కూలి ఎగ్గొట్టడం కపటం. అన్నం లేనివానికి గౌరవం గురించి ఉపన్యాసం అక్కరకు రాదు. గౌరవం, కూలి, రెండూ కలిసే ఉండాలి.

7. మరి ఏం చేయాలి?

ఇప్పుడు ఆ తండ్రికి జవాబు. ఉద్యోగాలు పోవు అని నేను చెప్పలేను. 2025 జూలైలో టీసీఎస్ సంస్థ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12,000 మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. కారణం కృత్రిమ మేధ కాదు, కావలసిన నైపుణ్యాలు సరిపడకపోవడమే అని సంస్థ వివరణ ఇచ్చింది. కారణం ఏదైనా, చదువుకు అప్పు తెచ్చిన తల్లిదండ్రుల భయం ఊరికే పుట్టినది కాదు. అయినా చేయగలిగినవి ఉన్నాయి.

తల్లిదండ్రులకు: చదువు మాన్పించవద్దు. కానీ చదువంటే ఏమిటో మళ్ళీ ఆలోచించండి. ఎక్కాలు రాకముందే క్యాలిక్యులేటరు ఇస్తే లెక్క రాదు. సొంతంగా ఒక పేజీ రాయడం రాకముందే యంత్రంతో రాయిస్తే ఆలోచన రాదు. ముందు చెయ్యి నేర్వాలి, తరువాత యంత్రాన్ని వాడాలి. యంత్రం చెప్పినది తప్పో ఒప్పో చెప్పగలిగేది, ఆ పని చెయ్యి తెలిసినవారే.

యువతీయువకులకు: ఈ యంత్రాన్ని చూసి పారిపోకండి, నేర్చుకోండి. అయితే మనిషి దగ్గర కూర్చుని వినే అలవాటు పోగొట్టుకోకండి. పెళ్ళి ఆల్బము చేసే కుర్రవానికి ఆ పెళ్ళిలో ఏ పెద్దమ్మ ఏడ్చిందో, ఎందుకు ఏడ్చిందో తెలుసు. ఆ ఫోటో ఏ పేజీలో ఉండాలో అతనికే తెలుస్తుంది. చేసిన పనికి "ఇది నాది, తప్పు ఉంటే నన్ను అడగండి" అని నిలబడేది మనిషే. యంత్రం జవాబుదారీ వహించదు. పని పోతే సిగ్గుపడవద్దు, దాచవద్దు. అది మీ తప్పు కాదు.

దుకాణాలు, చిన్న సంస్థలు నడిపే విశ్వాసులకు: యంత్రం వల్ల మిగిలిన డబ్బులో, మిగిలిన సమయంలో పనివానికి వాటా ఉంది. పని ఆపే ముందు చెప్పండి, కొత్త పని నేర్పే అవకాశం ఇవ్వండి.

కళాకారులకు, పనివారికి: ఒంటరిగా ఉంటే ఓడిపోతారు. 2023లో అమెరికాలో సినిమా, టీవీ రచయితలు మే 2 నుండి 148 రోజులు సమ్మె చేశారు. యంత్రాన్ని రచయితగా లెక్కించరాదని, దానిని వాడమని రచయితను బలవంతపెట్టరాదని ఒప్పందంలో రాయించుకున్నారు. 13వ లియోగారు చెప్పిన సంఘశక్తి అంటే ఇదే.

మన విచారణలకు: జ్ఞానస్నానాల రిజిస్టర్లు, లెక్కలు, నోటీసులు, వీటికి యంత్రం సాయం తీసుకోవచ్చు, తప్పులేదు. ప్రసంగం, ఓదార్పు, విశ్వాసుల ప్రార్థన, వీటిని మాత్రం మనిషే చేయాలి, తడబడినా సరే. మా గుడి మీద ఆ పెయింటరు రాసిన అక్షరాలు వెలిసిపోయాయి. వాటి మీద ఫ్లెక్సీ కట్టిస్తామన్న దాతలున్నారు. ఆ అక్షరాల మీదే మళ్ళీ రంగు వేయించాలని, ఆ పని ఒక పెయింటరుకే పూర్తి కూలి ఇచ్చి అప్పగించాలని విచారణ సలహా సంఘంలో నిర్ణయించాం. ఆయన భార్యకు ఆ సంగతి నేనే వెళ్ళి చెప్పాను.

చివరిగా, ఏ కొత్త యంత్రం మన గడప తొక్కినా మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇది ఎవరి భారం దించుతుంది? ఎవరి సొత్తు తీసుకుంటుంది, వారిని అడిగిందా? తప్పు జరిగితే ఎవరు జవాబు చెబుతారు? ఆసు యంత్రం ఈ మూడు ప్రశ్నలకూ తలెత్తి జవాబు చెప్పగలదు. తక్కినవి కూడా చెప్పగలిగేలా చూడడం మన బాధ్యత.

చిన్న క్రైస్తవ సంఘాలలో చర్చకు

1. మీ వీధిలో యంత్రం వల్ల పని పోగొట్టుకున్నవారు ఎవరు? వారు ఇప్పుడు ఏం చేస్తున్నారు? వారిని చివరిసారి ఎప్పుడు పలకరించారు?

2. ఆదికాండము 2:15 చదవండి. మీరు రోజూ చేసే పనిలో మీ జీతం కాక మీకు దక్కుతున్నది ఏమిటి?

3. యంత్రంతో చేయించదగని పనులు మీ ఇంట్లో, మీ విచారణలో ఏవి? ఎందుకు?

4. 2 సమూయేలు 24:18-25 చదవండి. గత వారంలో ఇతరులకు మీరిచ్చినవాటిలో మీకు నిజంగా ఖర్చయినది ఏది?